పదకొండేళ్లలో తొమ్మిది క్రూజ్‌లు: ఓడ మీద సుఖంగా గడపడానికి నాకు పనికొచ్చిన సంగతులు

మేం అమెరికాలో, టెక్సస్‌లోని హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. గాల్వెస్టన్ రేవు మా ఇంటి నుంచి కారులో గంటన్నర దూరం. 2014 ఫిబ్రవరిలో అక్కడే మొదటిసారి క్రూజ్ ఎక్కాం. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. ఆరు గాల్వెస్టన్ నుంచి మెక్సికో వైపు, రెండు సియాటెల్ నుంచి అలాస్కాకు, ఒకటి సింగపూర్ నుంచి. చంటిపిల్లతో వెళ్లాం, అత్తయ్య మామయ్యలతో వెళ్లాం, మా వారూ నేనూ ఇద్దరమే కూడా ఒకసారి వెళ్లాం. తెలిసినవాళ్లు ఎవరు క్రూజ్‌కి బయల్దేరుతున్నా నాకు ఫోన్ చేసి "ఏ కంపెనీ మంచిది?" అని అడుగుతారు. నా అనుభవంలో కంపెనీ పేరు కన్నా మీ గది ఓడలో ఎక్కడుంది, ఓడ ఎక్కడా ఆగకుండా సముద్రం మీద ఎన్ని రోజులుంటుంది అన్నవే ముఖ్యం. ఆ వారం బాగుండాలన్నా పాడవ్వాలన్నా ఎక్కువగా వీటివల్లే.

రేవులో ఆగకుండా రోజంతా ప్రయాణించే రోజుని సీ డే అంటారు. మొదట్లో మేం దాన్ని వేస్ట్ అనుకునేవాళ్లం. అంత డబ్బు పోశాం కదా, ఎక్కువ ఊళ్లు చూపించే ఓడ ఎక్కాలని వెతికేవాళ్లం. ఓడలో ఉన్నంతసేపూ మర్నాటి కార్యక్రమాల కాగితం ముందేసుకుని, దేని తర్వాత ఏదని పెన్నుతో గీతలు గీసుకునే వాళ్లం. ఉదయం ట్రివియా, పదింటికి డాన్స్ క్లాసు, మధ్యాహ్నం పూల్ దగ్గర ఆటలు, రాత్రి రెండు షోలు. ఐదు రోజులయ్యి ఇంటికొచ్చేసరికి పెళ్లి చేసి వచ్చినంత అలసట. సముద్రం ఎలా ఉందని మా అమ్మ ఫోన్‌లో అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఐదు రోజులు నీళ్ల మీదే ఉన్నాం, నీళ్లు చూడలేదు. మూడో ట్రిప్పు నుంచి పద్ధతి మార్చాం. రోజుకి ఒక్క కార్యక్రమం పెట్టుకుంటాం, మిగతా సమయమంతా డెక్ మీదే.

ముందు గది సంగతి. ధర చూసి "గ్యారంటీ" గది తీసుకుంటే, అంటే గది నంబరు కంపెనీయే తర్వాత కేటాయించే రకం, అది ఎక్కడొస్తుందో చెప్పలేం. మొదటిసారి మాకు సరిగ్గా పూల్ డెక్ కింద వచ్చింది. పొద్దున్న ఐదున్నరకి పైన సిబ్బంది కుర్చీలు సర్దడం మొదలెడితే, ఆ ఇనుప కాళ్లు ఈడ్చిన చప్పుడు నేరుగా మా తల మీదే. పాపకి అప్పుడు ఏడాదిన్నర. రోజూ ఆ టైమ్‌కే లేచి ఏడ్చేది. ఇప్పుడు బుక్ చేసే ముందు డెక్ ప్లాన్, అంటే ఓడలో ఏ అంతస్తులో ఏముందో చూపించే పటం, తెరిచి చూస్తాను. మన గదికి పైన గదులే ఉండాలి, కింద కూడా గదులే ఉండాలి. థియేటర్ మీద, డాన్స్ హాలు మీద, వంటశాల కింద గది వద్దు. మరీ ముందువైపు కింది డెక్‌లో ఉంటే తెల్లవారుజామున ఓడ రేవులోకి వస్తున్నప్పుడు పక్కకి నెట్టే మోటార్లు తిరిగి మంచం గడగడలాడుతుంది. ఓడ పొడవులో మధ్యకి, ఎత్తులో కిందికి ఉన్న గదులకి ఊపు తక్కువ. ఊయల మధ్యలో కూర్చున్నవాళ్ల కన్నా చివర కూర్చున్నవాళ్లకే ఎక్కువ తిరుగుతుంది కదా, అలాగే.

బాల్కనీ తీసుకోవాలా వద్దా అని చాలామంది తర్జనభర్జన పడతారు. గాల్వెస్టన్ నుంచి నాలుగైదు రోజుల ట్రిప్పుకి అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ డబ్బుతో ఇంకోసారి వెళ్లొచ్చు. కిటికీ లేని లోపలి గదిలో లైటార్పితే కటిక చీకటి. పెద్దవాళ్లు రాత్రి లేచినప్పుడు తడుముకోకుండా చిన్న నైట్ లైటు తీసుకెళ్లండి. చాలా ఓడల్లో టీవీలో ఒక ఛానల్ ఓడ ముందున్న కెమెరాని చూపిస్తుంది. పడుకునే ముందు సౌండ్ తీసేసి ఆ ఛానల్ పెట్టి ఉంచితే రాత్రి చీకటిగా ఉంటుంది, తెల్లవారేసరికి గదిలోకి మెల్లగా వెలుగొస్తుంది. కిటికీ లేదన్న దిగులు చాలావరకు తీరిపోతుంది. అలాస్కాకి మాత్రం బాల్కనీ తీసుకోండి, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్తుంటే. దుప్పటి కప్పుకుని కొండలు చూస్తూ కూర్చునే వీలు వాళ్లకి అదొక్కటే. చిన్నపిల్లలుంటే బాల్కనీలో కుర్చీ రైలింగ్ పక్కన ఉండకూడదు, పెద్దవాళ్లు లేకుండా ఆ తలుపు తెరవకూడదు. ఇందులో మాత్రం ఏ సడలింపూ వద్దు.

అలాస్కా అంటే వీసా గురించి చెప్పి తీరాలి. సియాటెల్ నుంచి బయల్దేరే ఓడలు దాదాపు అన్నీ కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. దీనికి కారణం 1886 నాటి అమెరికా చట్టం. విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవులో ప్రయాణికుల్ని ఎక్కించుకుని, మధ్యలో విదేశీ రేవేదీ తాకకుండా అమెరికా రేవుల్లోనే తిప్పకూడదు. ఈ పెద్ద ఓడలన్నీ బహామాస్, పనామా, బెర్ముడా లాంటి చోట్ల రిజిస్టరైనవే. కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు మీద అమెరికా చూడటానికొచ్చిన అమ్మానాన్నలకి కెనడా వీసా కావాలి. ఓడ దిగం, గదిలోనే ఉంటాం అంటే కుదరదు. 2019లో మా ముందు లైన్లో ఒక తెలుగు కుటుంబం, నలుగురూ ఒకే రకం టీషర్టులు వేసుకుని వచ్చారు. కౌంటర్ దగ్గర పెద్దాయన పాస్‌పోర్టులో కెనడా వీసా లేదని ఆపేశారు. ఆ పెద్దాయన "మీరు వెళ్లండమ్మా, నేను హోటల్లో ఉంటాలే" అంటుంటే కూతురు అక్కడే సూట్‌కేసు మీద కూర్చుండిపోయింది. చివరికి ఎవరూ ఎక్కలేదు. మేం మా అత్తయ్య, మామయ్యలకి ఐదు నెలల ముందే అప్లై చేశాం కాబట్టి టెన్షన్ లేకపోయింది. గాల్వెస్టన్ నుంచి మెక్సికోకి వెళ్లేవాళ్లకి అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. అయితే ఆ అమెరికా వీసా సింగిల్ ఎంట్రీదైతే తిరిగి రావడం దగ్గర ఇబ్బంది. వీసా కాగితం మీద ఎంట్రీల దగ్గర ఏముందో ముందే చూసుకోండి.

విమానంలో వచ్చేవాళ్లు ముందురోజే ఊరు చేరాలి. తిరుగు ప్రయాణానికి కూడా ఖాళీ సమయం ఉంచుకోవాలి. 2018 ఫిబ్రవరిలో మా ఆడపడుచు వాళ్లు న్యూజెర్సీ నుంచి వచ్చి మాతో ఎక్కారు. ఆఖరి రోజు తెల్లారేసరికి గాల్వెస్టన్ దగ్గర పొగమంచు. రేవు మార్గం మూసేశారు. మా ఓడ బయటే లంగరేసి నిలబడింది, మధ్యాహ్నం దాటాక గానీ లోపలికి రానివ్వలేదు. వాళ్ల ఫ్లైట్ పదకొండున్నరకి. కొత్త టికెట్లకి పెట్టిన డబ్బు క్రూజ్ ధరలో సగం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో గాల్వెస్టన్‌లో ఇది మామూలే. ఆ నెలల్లో వస్తే మర్నాటి ఫ్లైటే పెట్టుకోండి.

ఎక్కే రోజు పెద్ద సూట్‌కేసులు బయట పోర్టర్లకి ఇచ్చేస్తాం. అవి గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, ఒక్కోసారి రాత్రి కూడా. బీపీ, షుగర్ మాత్రలు, పాస్‌పోర్టులు, ఛార్జర్లు, పిల్లల ఈత బట్టలు చేతి సంచిలో ఉండాలి. అందరూ ఎక్కగానే బఫేకి పరుగెడతారు, అక్కడ నిలబడటానికి చోటుండదు. ఆ మధ్యాహ్నం కింద పెద్ద డైనింగ్ హాలు కూడా తెరిచి ఉందేమో అడగండి. కొన్ని ఓడల్లో తెరుస్తారు. ప్రశాంతంగా కూర్చుని తినొచ్చు.

సేఫ్టీ డ్రిల్‌ని చాలామంది తంతుగా చూస్తారు, నాకది బాధగా ఉంటుంది. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా రాయికి కొట్టుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఓడలో ఉన్నవాళ్లలో కొన్ని వందల మంది ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లు, వాళ్లకి డ్రిల్ ఇంకా జరగలేదు. ఆ తర్వాతే ఓడ కదిలే ముందే డ్రిల్ చెయ్యాలని నిబంధన గట్టిపడింది. ఇప్పుడు ఫోన్‌లో వీడియో చూసి, మన స్టేషన్‌కి, అంటే ప్రమాదం వస్తే మనం చేరాల్సిన చోటికి, వెళ్లి కనబడి రావడమే, పది నిమిషాల పని. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత, అదీ ప్రమాద సంకేతం. పిల్లలకి నేను దాన్ని నోటితో ఊది మరీ నేర్పించాను. గది నుంచి స్టేషన్‌కి లిఫ్టు వాడకుండా మెట్ల మీదుగా ఒకసారి నడిపిస్తాను.

ఇక ఓడ కదిలే సమయం. అందరూ పై డెక్‌లో పాటలు, డ్రింకుల దగ్గర ఉంటారు. మీరు కింద, ఓడ చుట్టూ నడిచే ప్రొమెనేడ్ డెక్‌కి వెళ్లండి. గాల్వెస్టన్ కాలువలో ఓడ ముందు నీటిని చీలుస్తుంటే డాల్ఫిన్లు ఆ అల మీద ఎక్కి ఆడతాయి. తలలు నీటికి పెట్టి గోధుమరంగు పెలికాన్లు కూలబడతాయి. కొంతసేపటికి ఒక చిన్న పడవ వచ్చి మన ఓడ పక్కనే అదే వేగంతో పరుగెడుతుంది. మన ఓడ పక్క గోడలో ఒక తలుపు తెరుచుకుంటుంది, తాడు నిచ్చెన వేలాడుతుంది. రేవు దాటించడానికి ఎక్కిన పైలట్ దాని మీదుగా దిగుతాడు. మొదటిసారి నేను చూసినప్పుడు ఆయన ఆఖరి మెట్టు మీద ఆగాడు. కింద పడవ లేస్తోంది, పడుతోంది. ఒక అల, రెండో అల వదిలేశాడు. మూడోది పడవని పైకి లేపినప్పుడు, అరుగు దిగినంత తేలిగ్గా అందులోకి అడుగేశాడు. పడవలో మనిషి ఆయన నడుం దగ్గర చెయ్యి వేసి పట్టుకున్నాడు. పడవ పక్కకి తిరిగి వెళ్లిపోయింది. నాతో పాటు దాన్ని చూసింది ఇంకో ఇద్దరే. నాలుగు వేల మంది ఉన్న ఓడ అది.

గాల్వెస్టన్‌లో నీళ్లు గోదావరి వరద నీళ్లలాగా ఎర్రమట్టి రంగులో ఉంటాయి. చీకటి పడే వేళకి పచ్చబడతాయి. రాత్రి దూరంగా చమురు బావుల దీపాలు, కార్తీక మాసంలో ఏటిలో వదిలిన దీపాల్లా. మర్నాడు పొద్దున్న డెక్ మీదికి వస్తే సముద్రం సిరా నీలం. అప్పుడు ఐదున్నరకి వెళ్తే డెక్ కడుగుతున్న సిబ్బంది, నడుస్తున్న నలుగురైదుగురు పెద్దవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. క్రూజ్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంట అది. దానికోసమే రాత్రి రెండో షో వదిలేస్తాను.

తిండి గురించి మనవాళ్లకి ఎక్కువ బెంగ. మా అత్తయ్యది కోనసీమ, ఉల్లి వెల్లుల్లి తప్ప అన్నీ తినే శాకాహారి. ఇంటి నుంచి రైస్ కుక్కర్ తీసుకెళ్దామని ఆవిడ ఆలోచన. కుక్కర్లు, కెటిల్‌లు, ఇస్త్రీ పెట్టెలు ఓడలోకి రానివ్వరు. నిప్పు ప్రమాదం. స్కానింగ్‌లో పట్టుకుని తీసేసుకుంటారు, మనం ఓడ దిగేటప్పుడు తిరిగిస్తారు. సీల్ తీయని పొడి పాకెట్లు, పచ్చడి పాకెట్లకి మాకెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసా మాత్రం పెట్టుకోవద్దు. మేం కందిపొడి, గోంగూర పాకెట్లు తీసుకెళ్తాం.

అసలు విషయం ఏంటంటే, అడిగితే చేసి పెడతారు. బుక్ చేసినప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించాలి. మొదటి రాత్రి డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌ని కలిసి మళ్లీ చెప్పాలి. ఈ ఓడల వంటశాలల్లో గోవా, కేరళ, ముంబై వాళ్లు చాలామంది ఉంటారు. అలాస్కా ఓడలో మా హెడ్ వెయిటర్ మంగళూరు వైపు ఆయన. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. నేను చెబుతుంటే ఆవిడ వేళ్లతో చిటికెడు, గుప్పెడు చూపిస్తోంది. రెండో రాత్రి అందరికీ సూప్ తెచ్చినప్పుడు ఆవిడ ముందు ఒక గిన్నె పెట్టాడు. పైన నేతిలో వేగిన మిరియాలు, జీలకర్ర తేలుతున్నాయి. ఆవిడ చెంచా పక్కన పెట్టి గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగింది. "చారే అమ్మాయ్, చింతపండు తక్కువైంది గానీ చారే" అంది. ఆ వారమంతా రోజూ ముందురాత్రే మర్నాటికి ఏం కావాలో అడిగి రాసుకెళ్లేవాడు. మామూలు మెనూలో పేరే లేని వంటలు ఇవి, పైసా అదనం లేదు. పొద్దున్న బఫేలో ఉండే చప్పని పెరుగు రాత్రికి కూడా కావాలంటే తెచ్చిస్తారు. పెరుగన్నం దొరికితే మన పెద్దవాళ్లకి సగం బెంగ తీరినట్టే.

కాఫీ, టీలు మాత్రం ఉసూరుమనిపిస్తాయి. టీ బ్యాగు, గోరువెచ్చని నీళ్లు, చల్లని పాలు. నేను చేసేది, ఇంటి నుంచి ఇన్‌స్టంట్ కాఫీ పొడి తీసుకెళ్లి, కాఫీ కౌంటర్లో ఆవిరి పట్టిన వేడి పాలు మాత్రం అడుగుతాను. మా అత్తయ్యకి ఐదింటికే కాఫీ పడాలి, ఆ పాలతో ఆవిడకి సరిపోయింది. ఇంకో మాట. బాత్‌రూముల్లో నీళ్ల పైపు ఉండదు, కాగితమే. ఒక ప్లాస్టిక్ మగ్గు సూట్‌కేసులో పడేసుకోండి. గది గోడలు చాలావరకు ఇనుపవి కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే టోపీలు, తడి తువ్వాళ్లు, సంచులు గోడకే వేలాడతాయి. అంత చిన్న గదిలో నలుగురు ఉన్నప్పుడు వీటి విలువ తెలుస్తుంది.

డబ్బు దగ్గర జాగ్రత్త. టికెట్ ధర అసలు ధర కాదు. టిప్పులు మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో పడతాయి. 18 అనుకున్నా నలుగురికి ఏడు రాత్రులకి 504 డాలర్లు. దీన్ని టికెట్‌తో కలిపే లెక్క వేసుకోండి, అక్కడికెళ్లి తీయించెయ్యకండి. ఆ డబ్బు గదులు తుడిచేవాళ్లది, వడ్డించేవాళ్లది. ఆరు నుంచి తొమ్మిది నెలలు ఒక్క వారపు సెలవు కూడా లేకుండా పనిచేస్తారు వాళ్లు. డ్రింకు ప్యాకేజీ మాకు ఎప్పుడూ గిట్టుబాటు కాలేదు. చాలా కంపెనీల్లో ఒక గదిలో ఒకరు తీసుకుంటే మిగతా పెద్దవాళ్లూ తీసుకోవాలి. తాగనివాళ్లకి అది దండగ. వైఫై ఒక్క ఫోన్‌కి తీసుకుని మార్చి మార్చి వాడుకోవచ్చు. ఎక్కగానే అందరి ఫోన్లూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ఓడ సొంత సెల్ టవర్‌ని పట్టుకుని రోమింగ్ బిల్లు వాచిపోతుంది. ప్రత్యేక రెస్టారెంట్లు రెండుసార్లు తిన్నాం, శాకాహారులకి ఆ డబ్బుకి తగ్గది ఏమీ లేదు. పిల్లల క్లబ్ మాత్రం టికెట్‌లోనే కలిసి ఉంటుంది, చాలా కంపెనీల్లో మూడేళ్లు నిండి డైపర్ మానేసిన పిల్లల్ని తీసుకుంటారు. మావాళ్లు అక్కడ నుంచి రామని ఏడ్చేవాళ్లు.

బిల్లు రోజూ చూడండి. ఒక ట్రిప్పులో మేం అడుగుపెట్టని స్పా పేరుతో 149 డాలర్లు మా ఖాతాలో వేశారు. ఆఖరి రాత్రి చూసుకున్నాం. కౌంటర్ దగ్గర లైను మెట్ల దాకా ఉంది, గంటా ఇరవై నిమిషాలు నిలబడి మాట్లాడితే గానీ తీసెయ్యలేదు. అదే రెండో రోజు చూసి ఉంటే ఐదు నిమిషాల్లో అయ్యేది.

కళ్లు తిరగడం, వాంతుల భయం గురించి. ఓడ ఊగుతున్నాక మాత్ర వేసుకుంటే ఆలస్యమైనట్టే. ముందే, డాక్టర్ని అడిగి వేసుకోవాలి. సియాటెల్ నుంచి పైకెళ్లేటప్పుడు వాంకూవర్ ద్వీపం బయటి వైపు మహాసముద్రంలో ఊపు ఉంటుంది, అలాస్కా ద్వీపాల మధ్యకి వెళ్లాక చెరువులా ఉంటుంది. మామయ్యకి మొదటి రాత్రి అవస్థ అనిపిస్తే డెక్ మీద కూర్చోబెట్టి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూడమన్నాం, బుగ్గన శొంఠి ముక్క పెట్టుకున్నారు. అరగంటలో సర్దుకున్నారు. దీనికన్నా నేను ఎక్కువ భయపడేది ఒకరి నుంచి ఒకరికి అంటుకుని వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి. శానిటైజర్ దాని మీద సరిగా పనిచెయ్యదు. బఫేకి వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. ఓడలో డాక్టరుంటాడు గానీ ఫీజు గట్టిగా ఉంటుంది. తల్లిదండ్రుల విజిటర్ ఇన్సూరెన్స్ సముద్రం మీద పనిచేస్తుందా, హెలికాప్టర్‌లో తీసుకెళ్లాల్సి వస్తే ఖర్చు ఇస్తుందా అని ఫోన్ చేసి అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

రేవుల గురించి ఒక్కటే చెబుతాను, టైమ్. మెక్సికోలో మా ఓడ ఆగే కోజుమెల్ ఉన్న రాష్ట్రం 2015లో తన టైమ్ మార్చుకుంది. చలికాలంలో అక్కడి గడియారం టెక్సస్ కన్నా గంట ముందు. మా ఓడ టెక్సస్ టైమే పాటించింది. 2017 జనవరిలో అద్దాల అడుగున్న పడవకి పదింటికి బయట బుక్ చేసుకున్నాం. మా చేతి గడియారం ప్రకారం పది నిమిషాల ముందే వెళ్లాం. వాళ్లకి అప్పటికి పదకొండు కావస్తోంది, పడవ ఎప్పుడో వెళ్లిపోయింది. తప్పు మాదే. టూర్ టైమ్ ఊరిదో ఓడదో అడిగి రాసుకోండి. వెనక్కి రావడానికి మాత్రం ఓడ టైమే లెక్క. ఓడ వాళ్ల ద్వారా తీసుకున్న టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా తిరుగుతూ ఆలస్యమైతే ఆగదు. మేం ఊరి పక్క బీచ్‌కి సొంతంగా వెళ్తాం, దూరం వెళ్లాల్సి వస్తే ఓడ టూర్ తీసుకుంటాం.

నేను ఇన్ని జాగ్రత్తలు చెబుతున్నది ఎందుకంటే, వాటన్నిటి బరువూ దిగిపోయాక వచ్చే ఒక రోజు కోసం. మాకు అది 2019 జూలైలో అలాస్కాలోని గ్లేసియర్ బే అనే అఖాతంలో. అక్కడికి రోజుకి రెండు పెద్ద క్రూజ్ ఓడల్ని మించి అనుమతించరు. బుక్ చేసేటప్పుడు ఆ పేరు రూటులో ఉందో లేదో చూడండి, అన్ని అలాస్కా ఓడలూ వెళ్లవు. పొద్దున్నే పార్క్ రేంజర్లు చిన్న పడవలో వచ్చి మన ఓడ ఎక్కారు. రెండున్నర శతాబ్దాల కిందట ఆ అఖాతం అంతా మంచుతో నిండి ఉండేదట. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికే మంచు నలభై మైళ్లకి పైగా వెనక్కి పోయింది. అవన్నీ వాళ్లు మైకులో చెబుతున్నారు. అత్తయ్య మంకీ క్యాప్ పెట్టుకుని, చీర మీద నా జాకెట్టు, దాని మీద శాలువా కప్పుకుని బాల్కనీలో కూర్చుంది. ఎదురుగా మార్జరీ గ్లేసియర్, మైలు వెడల్పున నీలం, తెలుపు మంచు గోడ. ఓడ ఇంజన్ చప్పుడు తగ్గించి దాదాపు గంటసేపు అక్కడే నిలబడింది.

గోడలోంచి ఒక ముక్క జారడం కనిపించింది. నీళ్లు లేచాయి. ఆ తర్వాత వచ్చింది చప్పుడు.

"అమ్మాయ్, ఉరిమిందా?"

"ఉరుము కాదత్తయ్యా, మంచు విరిగింది."

అక్కడి త్లింగిట్ జనం ఆ శబ్దాన్ని తెల్ల ఉరుము అంటారని రేంజర్ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "వరదల్లో మా లంకల దగ్గర గోదారి గట్టు విరిగి పడేది. అర్ధరాత్రి ఇలాగే వినిపించేది. నాన్నగారు లేచి లాంతరు పట్టుకుని వెళ్లేవారు" అంది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆవిడ చిన్నతనం గురించి నాతో ఎప్పుడూ అంత మాట్లాడలేదు. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. గదిలోకే తెప్పించుకుని, మామయ్య, ఆవిడ, నేను సాయంత్రం వరకు అక్కడే కూర్చున్నాం. ఆ రోజు కార్యక్రమాల కాగితం మడత విప్పకుండా టేబుల్ మీదే ఉండిపోయింది.

ఆఖరి రాత్రి సూట్‌కేసులు గది బయట పెట్టాలి. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు బయట ఉంచుకున్నాకే పెట్టెకి జిప్ వెయ్యండి. పండ్లు, తినుబండారాలు చేతిలో పట్టుకుని ఒడ్డు దిగకండి, తనిఖీలో జరిమానా పడొచ్చు. గది సర్దినవాళ్ల పేరు, వడ్డించినవాళ్ల పేరు ఈమెయిల్‌లో వచ్చే సర్వేలో తప్పకుండా రాయండి. అది వాళ్ల పని రికార్డులోకి వెళ్తుందని మా మంగళూరు ఆయనే చెప్పారు. ఆయన గురించి నేను ఒక పేజీ రాశాను.

2023లో విశాఖ రేవులో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైందని టీవీలో చూసి అత్తయ్య ఫోన్ చేసింది. అక్కడ నుంచి ఎప్పుడు వెళ్దామని ఇప్పటికీ అడుగుతూనే ఉంది. ఈలోగా ఈ నవంబరుకి గాల్వెస్టన్ నుంచి పదోది బుక్ చేశాం, పొగమంచు నెలలు వదిలేసి. ఏడు రాత్రులు, మూడు సీ డేలు. ఎనిమిదో డెక్, ఓడ మధ్యలో, పైనా కిందా గదులే.